ఆరేళ్ళ తర్వాత కూడా నేను వాయిస్తున్న బేస్ లైన్లు

నరసాపురంలో ఉద్యోగం, రేవు దాటాక సఖినేటిపల్లి వైపు ఇల్లు. ఆదివారాలు మా ఊరి చర్చిలో, డిసెంబరు అంతా సెమీ క్రిస్మస్ ప్రోగ్రాముల్లో, అప్పుడప్పుడూ పెళ్ళి రిసెప్షన్లలో బేస్ గిటార్ వాయిస్తాను. పట్టుకుని ఆరేళ్ళు దాటింది. మొదటి ఏడాది ఫోన్‌లో ఏ వీడియో కనిపిస్తే ఆ లైన్, అంటే పాట కింద నడిచే ఆ బేస్ వరస, నేర్చుకున్నాను. చాలావరకు నెల తిరిగేసరికి చేతిలోంచి జారిపోయాయి. మిగిలినవి నాలుగైదు. కొత్తగా బేస్ పట్టుకున్నవాళ్ళకు ఏది ఎంతకాలం పనికొస్తుందో చెప్దామని ఇది రాస్తున్నాను.

ముందు వాయిద్యం సంగతి. నా బేస్ రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) దగ్గర తీగ కింద మూడు రూపాయి బిళ్ళలు పట్టేంత ఎత్తు ఉండేది. "కొత్తలో అలాగే ఉంటదండి, వేళ్ళు అలవాటు పడతాయి" అన్నాడు కొట్టాయన. రెండు నెలలు వేళ్ళు వాచిపోయాయి, తప్పు నాదే అనుకున్నాను. తర్వాత తెలిసినాయన ఒకరు తీగల కింది కొస పట్టుకునే బ్రిడ్జి మీదున్న చిన్న స్క్రూలు అలెన్ కీతో కాస్త తిప్పి తీగలు దించారు. పావుగంట పని. మీకు నొప్పి ఎక్కువగా ఉంటే ముందు అది చూపించుకోండి. ఇంకొకటి, ఫోన్ స్పీకర్లో బేస్ వినిపించదు. అన్నిటికన్నా లావు తీగ, అంటే ఇ తీగ, 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంత కింది శబ్దాన్ని ఆ చిన్న స్పీకర్ ఇవ్వలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటేనే పాటలో బేస్ ఏం చేస్తోందో తెలుస్తుంది.

అందరూ మొదటి రోజు నేర్చుకునేది 2003లో వచ్చిన 'సెవెన్ నేషన్ ఆర్మీ' అనే ఇంగ్లీషు పాట వరస. లావు తీగ పక్కనున్న ఎ తీగ ఒక్కదాని మీదే ఏడో ఫ్రెట్, మళ్ళీ ఏడు, పది, ఏడు, అయిదు, మూడు, రెండు. అంతే. నిజానికి రికార్డులో అది బేస్ కాదు, గిటార్‌నే పెడల్ పెట్టి ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కిందకి దించి వాయించారు. మొదటి రోజు దానివల్ల కలిగే ఉత్సాహం మాత్రం నిజమే. నాకు మళ్ళీ దాని అవసరం ఎక్కడా పడలేదు.

నా చేతిని గట్టిగా తయారు చేసింది 1987 నాటి 'విత్ ఆర్ వితౌట్ యూ' అనే ఇంగ్లీషు పాట లైన్. ఇంగ్లీషు పేర్లతో నాలుగు స్వరాలు: డి, ఎ, బి, జి. ఒక్కో స్వరం ఒక్కో బార్ (తాళంలో ఒక ఆవర్తం), ఒక్కో బార్‌లో ఎనిమిది దెబ్బలు. ఎ తీగ మీద అయిదో ఫ్రెట్, తర్వాత లావు తీగ మీద అయిదు, ఏడు, మూడు. పాట మొదటి నుంచి దాదాపు చివరిదాకా ఇదే తిరుగుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు ఒకదాని తర్వాత ఒకటి మీటాలి. చదివితే తేలిగ్గానే ఉంటుంది. నేను వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి వింటే మధ్య వేలి దెబ్బ ప్రతిసారీ సన్నగా వినిపించింది. అది సరిచేసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. సాధన ఎక్కువ రేవు దాటించే పంటు మీదే జరిగింది. పంటు ఇంజను రేవు నుంచి రేవు దాకా ఒకే వేగంతో కొట్టుకుంటుంది. నేను రెయిలింగ్ పక్కన నిలబడి తొడ మీద రెండు వేళ్ళతో దానితో పాటు దెబ్బలు వేసేవాణ్ణి. చేతిలో గిటార్ లేకపోయినా ఆ పది నిమిషాలు చాలా పనికొచ్చాయి.

ఇక అసలైనది, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది, స-ప లైన్. ఇంగ్లీషు వీడియోల్లో రూట్-ఫిఫ్త్ అంటారు. మనకు అది కొత్తేమీ కాదు, తంబురా ఎప్పటినుంచో మన చెవిలో పోస్తున్నది ఆ రెండు స్వరాలే. చర్చి పాటల్లో, జానపదాల్లో, సినిమా పాటల్లో సిక్స్-ఎయిట్ నడక ఎంత ఉందో మీకు తెలుసు. ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెట్టండి. ఒకటి మీద స, నాలుగు మీద ప. మిగతా నాలుగు అంకెల్లో చెయ్యి ఏమీ చెయ్యదు. సా ఎక్కడుందో తెలిస్తే పా వెతుక్కోనక్కర్లేదు: పక్కనున్న సన్న తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకు. కింది పా కావాలంటే పక్కనున్న లావు తీగ మీద అదే ఫ్రెట్. ఏ స్కేల్‌లోనైనా చేతి ఆకారం మారదు.

ఇంత చిన్న లైన్ నాకు కుదరడానికి ఏడాది పట్టింది. కారణం, నేను ఖాళీగా ఉండలేకపోవడం. రెండు మీద ఒకటి, మూడు మీద ఒకటి, అయిదు మీద ఇంకొకటి ఇరికించేవాణ్ణి. మా చర్చిలో కీబోర్డు వాయించే బాబాయి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చాపలు చుడుతూ అన్నాడు: "ఒరే అబ్బాయ్, ఆడోళ్ళు చప్పట్లు ఎక్కడ కొడుతున్నారో విన్నావా?"

"లేదు బాబాయ్."

"ఒకటి మీదా నాలుగు మీదా కొడుతున్నారు. నువ్వు మధ్యలో దూరితే ఆళ్ళు తడబడుతున్నారు. వచ్చే వారం గిటార్ చూడకు, ఆళ్ళ చేతులు చూసి వాయించు."

"ఆయ్ బాబాయ్" అన్నాను. తర్వాతి వారం అలాగే చేశాను. ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ చేతులే చూస్తూ మొత్తం కీర్తన రెండే స్వరాలతో వాయించాను. ఎలక్ట్రానిక్ ప్యాడ్స్‌లో కిక్ డ్రమ్ దెబ్బ, నా సా, ఆవిడ చప్పట్లు ఒకేచోట పడ్డాయి. మూడో చరణానికి వచ్చేసరికి జనం పాట పెద్దదైంది. ఎవరూ బేస్ గురించి ఒక్క మాట అనలేదు. పాట బాగా వచ్చిందన్నారు. నాకు అంత సంతోషం కష్టమైన లైన్ ఏదీ వాయించినప్పుడు కలగలేదు. కాస్త కుదిరాక ఆరు మీద ఒక చిన్న స్వరం వేసి తర్వాతి కార్డ్‌కి (కలిపి మోగే స్వరాల గుంపుకి) దారి చూపించొచ్చు. కానీ ప్రతి బార్‌లో వద్దు, కార్డ్ మారేచోట మాత్రమే.

ఆపడం నేర్పిన లైన్ ఇంకొకటి ఉంది. 1980లో క్వీన్ బృందం విడుదల చేసిన 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్'. బృందంలో బేస్ వాయించే జాన్ డీకన్ రాసిన పాట అది. ఖాళీ ఇ తీగను, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా, మూడుసార్లు పొట్టిగా కొట్టి ఆపేస్తాడు. వినేవాళ్ళను పట్టేది ఆ మూడు దెబ్బల తర్వాత వచ్చే నిశ్శబ్దం. నేను దీన్ని చాలాకాలం తప్పుగా వాయించాను. దెబ్బలు సరిగ్గానే పడేవి, తీగ మాత్రం మోగుతూనే ఉండేది. తప్పు తెలిసింది మా పాత చర్చి రేకుల వల్ల. ఖాళీ ఎ తీగ కొట్టి వదిలేస్తే పైన ఒక రేకు జర్రుమని మోగేది. నేను ఆపేశాక కూడా అది అలాగే అంటుండేది. ఆ జర్రు రాకూడదంటే స్వరం ఎంతసేపు ఉండాలో అంతసేపే ఉంచి ఎడమచేతి వేలు ఎత్తాలి. ఖాళీ తీగైతే అరచేతి అంచు ఆనించాలి. నెల రోజులు ఆ రేకును వింటూ వాయించాను. ఇప్పుడు స్లాబు వేశారు కానీ ఆ అలవాటు పోలేదు.

రిసెప్షన్లలో ఎక్కువ ఉపయోగపడింది 'స్టాండ్ బై మీ' అనే ఇంగ్లీషు పాటలో తిరిగి తిరిగి వచ్చే స్వరాల చక్రం, 1961 నాటిది. ఎనిమిది బార్లు: ఎ రెండు, ఎఫ్ షార్ప్ రెండు, డి ఒకటి, ఇ ఒకటి, మళ్ళీ ఎ రెండు. లావు తీగ మీద అయిదు, రెండు, తర్వాత ఎ తీగ మీద అయిదు, ఏడు. లెక్కలేనన్ని పాటలకు ఈ మెట్లే ఆధారం. పాడేవాళ్ళు స్టేజీ ఎక్కాక "కొంచెం కిందకి దించండి" అంటే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతారు, మనం చేతిని రెండు ఫ్రెట్లు వెనక్కి జరుపుతాం. అప్పుడు రెండో స్వరం ఖాళీ తీగ మీద పడుతుంది, అదొక్కటే తేడా. మొదట్లో అలా అడిగితే టెన్షన్‌తో చెమటలు పట్టేవి.

జాజ్, బ్లూస్‌లో వచ్చే వాకింగ్ బేస్, అంటే దెబ్బ దెబ్బకీ స్వరం మారుతూ నడిచే లైన్, మొదటి ఏడాది పెట్టుకోకండి. నేను పెట్టుకుని ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

తీగల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన డెల్టా గాలికి అవి త్వరగా తుప్పు పడతాయి. సముద్రం దగ్గర, చెమట ఎక్కువ. బేస్ తీగలు గిటార్ తీగల కంటే చాలా ఖరీదు. వాయించిన ప్రతిసారీ పాత పంచె ముక్కతో పైనా కిందా తుడిచి సంచిలో పెట్టాలి.

ఈ మధ్య మా మేనకోడలు నేర్చుకుంటానంది. పద్నాలుగేళ్ళ పిల్ల, చేతులు చిన్నవి. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర ఎడం ఎక్కువ కాబట్టి వేళ్ళు చాచలేక ఏడుపు మొహం పెట్టింది. అయిదో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టించాను. అక్కడ ఫ్రెట్లు కాస్త దగ్గరగా ఉంటాయి. స-ప ఒక్కటే ఇచ్చాను, నిమిషానికి అరవై దెబ్బల మెట్రోనోమ్‌తో. నెల అయింది. ఇంకో లైన్ చెప్పమని ఇంతవరకు అడగలేదు. ఆదివారం పొద్దున వచ్చి "మావయ్యా, ఇవాళ మొదటి పాట స్కేల్ ఏంటి?" అని మాత్రం అడుగుతోంది.