చెంపలో ప్లేట్లు ఉన్నవాళ్లకు ముక్కు కడిగే బాటిల్ ఎంతవరకు పనికొస్తుంది

బండి మీద నుంచి పడి ఎడమ చెంప ఎముక విరిగితే టైటానియం ప్లేట్లు, స్క్రూలు వేశారు. ఎముక మంచిగనే అతుక్కుంది. గోల అంతా తర్వాతే: చెంపలో బరువు, ఎడమ ముక్కు నుంచి చిక్కటి చీమిడి. ఈఎన్‌టీ డాక్టర్ ఉప్పునీళ్లు నింపి ముక్కులోకి పిండే 240 మిల్లీలీటర్ల బాటిల్ రాసిచ్చారు. అప్పటి నుంచి నా చేతిలో అదే.

చెంప ఎముక వెనకాల ఉండే సైనస్ గదికి దారి అడుగున ఉండదు, పైన ముక్కు వైపు ఉంటుంది. ఎముక విరిగినప్పుడు లోపల రక్తం చేరి, పొర వాచి ఆ దారి మూసుకుపోతే ఇక అంతే, చీమిడి లోపలే నిలిచిపోతుంది. సర్జరీ అయిన కొత్తలో మాత్రం బాటిల్ ముట్టొద్దు, ముక్కు చీదొద్దు. గాలి చర్మం కిందికి పోయి కన్ను ఉబ్బుతుంది. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

నాది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో లెక్కలు రాసే పని. మిర్చి సీజన్లో తేజ రకం బస్తాలు విప్పితే ఆ ఘాటుకు ముక్కు దిబ్బడేసేది. ఇప్పుడు ఇంటికి రాగానే సింకు మీదికి వంగి, నోటితో ఊపిరి తీసుకుంటూ మెల్లగా పిండుతా. ముందు ఎర్ర దుమ్ముతో కలిసిన చీమిడి పడుతుంది, తర్వాత తెల్లనీళ్లు. గట్టిగా పిండితే చెవి దిబ్బడేస్తుంది. పొద్దున కడుక్కుని పనికి పోయిన రోజు, కాంటా చీటీ రాద్దామని వంగితే ముక్కులోంచి మిగిలిన ఉప్పునీళ్లు టపటపా చీటీ మీదే పడతాయి. సేట్లు నవ్వుతారు, నవ్వనీ.

కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. నల్లా నీళ్లు, బోరు నీళ్లు అసలే వద్దు. అరుదే కానీ మెదడును తినే అమీబా ముక్కు దారినే పోతుంది. ప్లాంటు నుంచి తెచ్చే క్యాన్ నీళ్లయినా కాచాల్సిందే. ఉప్పు లీటరుకు 9 గ్రాములు. ఉత్త నీళ్లయితే మంట పుడుతుంది. కొలిచి పెట్టిన ఉప్పు సాచెట్లు రోజూ కొనడం దండగ అనిపిస్తుంది కానీ కొలత తప్పదు.

పైపెదవి తిమ్మిరికి మాత్రం ఇది ఏం చేయదు, అది నరం సంగతి. ఒక ఎండాకాలం ఎడమవైపే కుళ్లు వాసన మొదలైంది. ఎంత కడిగినా పోలేదు. సీటీ స్కాన్ తీస్తే సైనస్ దారి పూర్తిగా పూడుకుపోయి ఉంది. ఎండోస్కోపీతో తెరిచారు, ప్లేట్లు కదల్లేదు కాబట్టి వాటి జోలికి పోలేదు. దారి తెరిచాకే బాటిల్ నీళ్లు నిజంగా లోపలిదాకా పోతున్నాయి. అంతకుముందు కడిగింది ముక్కునే.

కడగని రోజు కూడా వంగితే ఒక ముక్కు నుంచే పలచటి నీళ్లు కారితే బాటిల్ నీళ్లనుకుని వదిలేయొద్దు. ముఖం ఎముకలు విరిగినవాళ్లకు అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. కన్ను వాచినా, రెండుగా కనిపించినా అంతే, వెంటనే దవాఖానకు పోవాలి.

బాటిల్‌కు ఐదులో నాలుగు ఇస్తా. ఒకటి తగ్గించింది మూత గాడిలో పట్టే నల్ల బూజుకు. బ్రష్ దూరదు, కొన్ని నెలలకోసారి కొత్తది కొనాల్సిందే.