పాత శాంట్రోకి చవక స్కానర్: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

చెక్ ఇంజిన్ లైటు వెలగకుండానే పికప్ పడిపోయిన పాత కారు మీ దగ్గర ఉంటే, వెయ్యి రూపాయల లోపు దొరికే ఈ బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ దగ్గరున్న వివరాలను ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) కొనుక్కోండి. అయితే అందరూ అనుకునే పనికి కాదు. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్ చదివి ఫలానా పార్టు పోయిందని చెబుతుందని ఆశపడితే డబ్బు దండగే. బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ ఏం చేస్తోందో అంకెల్లో చూపిస్తుంది చూడండి, దాని విలువంతా అక్కడే ఉంది. దాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ పక్కదారి పట్టించబోయిందో రెండూ రాస్తున్నాను.

నాది 2010 శాంట్రో జింగ్. 1086 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకున్నాను. అమ్మే ఉద్దేశం లేదు. ఇంజిన్ గట్టిది, నిర్వహణ ఖర్చు తక్కువ, హైదరాబాద్ ట్రాఫిక్‌లో దానంత సుఖంగా తిరిగే బండి నాకు మరొకటి తెలియదు.

సమస్య ఎలా ఉండేదంటే, ఊళ్లో తిరిగినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. ఐడిలింగ్ (బండి ఆగి ఉండగా ఇంజిన్ నడవడం) నున్నగా ఉండేది, ఉదయం స్టార్టింగ్ కూడా ఒక్క సెల్ఫ్‌కే. హైవే ఎక్కాక లారీని దాటేద్దామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం ఒక్క క్షణం ఏమీ జరిగేది కాదు. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు రెండు జర్కులిచ్చి, ఆ తర్వాత కదిలేది. శ్రీశైలం దారిలో డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడైతే రెండో గేరులో కూడా లాగేది కాదు. వెనక బస్సు హారన్ కొడుతుంటే, పిల్లలు భయపడుతుంటే ఆ టెన్షన్ ఏమిటో ఘాట్ రోడ్డులో బండి మొరాయించినవాళ్లకే తెలుస్తుంది. అక్కడ ఒక విచిత్రం గమనించాను. కాలు పూర్తిగా తొక్కినప్పటికన్నా సగం వదిలితేనే బండి కాస్త మెరుగ్గా ఎక్కేది. ఈ గుర్తును తేలిగ్గా తీసుకోకండి, ఇంజిన్‌కు కావలసినంత పెట్రోలు అందడం లేదనడానికి ఇది చాలా బలమైన సూచన.

షెడ్డుకు తీసుకెళ్తే ప్లగ్గులు మార్చారు. ఇంకోచోట థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే తలుపు లాంటి భాగం) కడిగారు. మరోచోట ఏకంగా ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, మార్చాలన్నారు, సెకండ్ హ్యాండ్‌ది చూసిపెడతామని కూడా చెప్పారు. వాళ్లలో ఒక్కరు కూడా బండి ఎక్కి, ఎత్తున్న రోడ్డులో నడిపి చూడలేదు. నా బాధంతా అదే. లోడు పడితేనే బయటపడే జబ్బును బండి ఆపి ఉంచి ఎంతసేపు చూసినా దొరకదు.

స్కానర్ పెట్టకముందే మూడు చిన్న పరీక్షలు చేసుకోవాలి, వీటికి పైసా ఖర్చు లేదు. తొక్కినప్పుడు ఇంజిన్ రెయిజ్ అవుతూ స్పీడు మాత్రం పెరగకపోతే అది క్లచ్ ప్లేటు అరుగుదల, ఇంజిన్ తప్పు కాదు. కాసేపు నడిపి ఆగాక ఒక చక్రం దగ్గర చెయ్యి పెడితే మిగతా వాటికన్నా బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేస్తోందని అర్థం. మూడోది, ఇంజిన్ ఆపి ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతుంటే మరొకరు బానెట్ కింద థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. కేబుల్ వదులైనా, మందపాటి ఫ్లోర్ మ్యాట్ పెడల్ కింద అడ్డుపడినా సగమే తెరుచుకుంటుంది. మ్యాట్ వల్ల పికప్ పోయిందంటే నమ్మరు గానీ, పాత కేబుల్ థ్రాటిల్ బండ్లలో ఇది నిజంగా జరిగేదే. నా బండిలో ఈ మూడూ బాగానే ఉన్నాయి.

ఇక స్కానర్ సంగతి. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ పెట్టుకుంటే చాలు. కోడ్‌లు చూస్తే ఒక్కటీ లేదు. నాలాంటివాళ్లు చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. కోడ్ రావాలంటే తేడా ఒక హద్దు దాటాలి, అదీ కొంతసేపు నిలవాలి. ఘాట్‌లో కొన్ని నిమిషాల ఇబ్బందిని ఈసీఎం తన లెక్కలో వేసుకోకపోవచ్చు. పీ0171 అనే లీన్ కోడ్ వచ్చేదాకా ఆగితే ఈలోపు ఇంజిన్ పాడైపోవచ్చు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమంతో లోడు మీద నడిస్తే దహనం దెబ్బతిని, నాకింగ్ (ఇంజిన్‌లో టకటకమనే కొట్టుకోవడం) మొదలై, వాల్వుల దాకా దెబ్బ తగలొచ్చు.

అందుకని కోడ్‌లు పక్కనపెట్టి ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. ఈసీఎం తాను ముందుగా అనుకున్న పెట్రోలు కన్నా ఎంత ఎక్కువో తక్కువో ఇవ్వాల్సి వస్తోందో చెప్పే శాతం అది. సున్నాకు అటూ ఇటూ ఐదు లోపు ఉంటే హాయి, పది దాటితే ఆలోచించాలి. ఐడిలింగ్‌లో నాది నాలుగు దగ్గర ఉంది. మా ఆవిడ పక్కన కూర్చుని ఫోన్ పట్టుకుంటే (నడిపేవాళ్లు ఫోన్ చూడకూడదు, ఇది మరీ మరీ చెబుతున్నాను) ఔటర్ సర్వీస్ రోడ్డు ఫ్లైఓవర్ మీద మూడో గేరులో మధ్యస్థంగా తొక్కుతూ ఎక్కించాను. "పన్నెండు... పదహారు... ఇరవై రెండు అయిందండీ!" అని ఆవిడ చదువుతూనే ఉంది, బండి జర్కు ఇచ్చింది.

గాలి ఎక్కడో లీకవుతుంటే లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. ఐడిలింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే లోపలికి వెళ్లే మొత్తం గాలిలో లీకు వాటా చిన్నదైపోతుంది. నాది ఐడిలింగ్‌లో బాగుండి లోడు మీద ఎక్కుతోంది, అంటే కొరత పెట్రోలు వైపే. ఖాయం చేసుకోవడానికి ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీ చూశాను. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది అది, అంకె పెద్దదైతే పెట్రోలు ఎక్కువ, చిన్నదైతే పెట్రోలు తక్కువ అని అర్థం. మామూలుగా అది 0.1కీ 0.9కీ మధ్య ఊగుతూ ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈసీఎం కావాలనే ఎక్కువ పెట్రోలు పోస్తుంది కాబట్టి 0.8 పైన నిలవాలి. నా బండిలో పూర్తిగా తొక్కగానే 0.8కి ఎగిరి, రెండు మూడు సెకన్లకు 0.1కి జారి అక్కడే పడి ఉంది. లైనులో ఉన్న ప్రెషర్ అయిపోయేదాకా లాగి, ఆ తర్వాత ఎండిపోతోందన్నమాట. ఆ గ్రాఫ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. ఏ షెడ్డులోనూ దొరకని జవాబు ఆ ఒక్క గీతలో దొరికింది.

దాన్ని చూపిస్తే మా వీధి చివర మెకానిక్, వయసులో చిన్నవాడే, "అట్లయితే ప్రెషర్ గేజ్ పెట్టి చూద్దాం సార్, పంపు మార్చుడు తర్వాత సంగతి" అన్నాడు. ఆ ఒక్క మాటకే అతని మీద గౌరవం పెరిగింది. చిన్న పెట్రోలు కార్లలో పెట్రోలు లైను ప్రెషర్ సాధారణంగా 3 నుంచి 3.5 బార్ దాకా ఉంటుంది. గేజ్ కలిపితే ఐడిలింగ్‌లో ముల్లు బాగానే నిలబడింది. గేజ్‌ను వైపర్ పక్కకు తెచ్చి టేపు వేసి, బండి నడుపుతూ తొక్కితే రెండు బార్ల కిందకు దిగిపోయింది. తర్వాత పంపు అసెంబ్లీ బయటకు తీశాడు. అడుగున మెత్తటి జల్లెడ లాంటి స్ట్రైనర్ ఉంటుంది, కొత్తదైతే తెల్లగా ఉంటుంది. మాది తడిసిన కాఫీపొడి రంగులో, వేలితో రాస్తే సన్నటి తుప్పు పొడి అంటుకునేంతగా నిండిపోయింది. లోపలి ఫిల్టరు కూడా అంతే. ట్యాంకు కడిగించి, స్ట్రైనరూ ఫిల్టరూ మార్చాం. పంపు మోటారు మాత్రం పాతదే, ఇప్పటికీ నడుస్తోంది. అదే ఎత్తు మీద ట్రిమ్ ఆరు దాటలేదు.

ఇక్కడ ఇథనాల్ గురించి చెప్పాలి. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, నా బండి పుట్టినప్పుడు ఆ లెక్క లేదు. ఇథనాల్‌కు ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కరిగించే గుణం ఉంది, నీటిని పీల్చుకునే గుణమూ ఉంది. కదిలిన మడ్డి వెళ్లి ఫిల్టర్లోనే కూర్చుంటుంది. పైగా ఇథనాల్ మండటానికి గాలి తక్కువ సరిపోతుంది, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. అందువల్ల పది శాతం మిశ్రమం నుంచి ఇరవైకి మారినప్పుడు ఏ లోపమూ లేకుండానే ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరగొచ్చు. అంకె కాస్త ఎక్కువ కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. బండి బాగున్న రోజున మీ బండి అంకెలు రాసి పెట్టుకోండి, పోల్చుకోవడానికి అవే ఆధారం. పాత బండి ఉన్నవాళ్లు ఫిల్టరు ముందుగానే మార్పించుకోవడం, రబ్బరు పైపులు పగుళ్లిచ్చాయేమో చూపించుకోవడం మంచిది.

స్కానర్‌ను గుడ్డిగా నమ్మకూడదని నేర్పింది తర్వాతి వర్షాకాలం. ఈసారి జబ్బు వేరు. ముసురు పట్టిన ఉదయాల్లో ఐడిలింగ్‌లోనే బండి వణికేది, సైలెన్సర్ నుంచి తప్పు తాళం వేసినట్టు శబ్దం, తొక్కితే మిస్సింగ్. యాప్ తెరిస్తే ట్రిమ్ మళ్లీ ఎక్కువే ఉంది! దాన్నే పట్టుకుని పోతే మళ్లీ పెట్రోలు లైను విప్పేవాళ్లం. ఒక సిలిండర్ మండకపోతే అందులోని ఆక్సిజన్ అలాగే బయటకు వస్తుంది, సెన్సార్ దాన్ని చూసి పెట్రోలు చాలలేదని చెబుతుంది, ఈసీఎం ఇంకా పోస్తుంది. సెన్సార్‌కు ఆక్సిజనే కనిపిస్తుంది, కారణం కనిపించదు. మొదటిసారి సమస్య లోడు మీదే వచ్చింది, ఇప్పుడు ఐడిలింగ్‌లోనే వణుకు ఉంది. ఆ తేడా చూసే స్కానర్ పక్కన పెట్టేశాం.

రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, బానెట్ తెరిచి, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ కేబుళ్ల మీద స్ప్రే బాటిల్‌తో నీటి తుంపర కొట్టాడు మెకానిక్. మూడో సిలిండర్ కేబుల్ పొడవునా సన్నటి నీలం మెరుపులు పాకాయి. ప్లగ్గుకు చేరాల్సిన కరెంటు పగిలిన ఇన్సులేషన్ లోంచి ఇంజిన్ బ్లాక్‌కు దూకుతోంది. ఈ పరీక్ష మీరు సొంతంగా చేయకండి, పదివేల వోల్టులకు పైనే ఉండొచ్చు, అనుభవం ఉన్నవాళ్లే చేయాలి. కేబుల్ సెట్ మొత్తం మార్చగానే వణుకు పోయింది. ఇలాంటి మిస్సింగ్‌ను వాయిదా వేస్తే మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి, అక్కడ మండి దాన్ని కరిగించొచ్చు. అప్పుడు సైలెన్సర్ దారే మూసుకుపోయి పికప్ శాశ్వతంగా పోతుంది, ఖర్చు కేబుళ్ల కన్నా ఎన్నో రెట్లు.

పరికరంలో లోపాలున్నాయి. మార్కెట్‌లో దొరికేవన్నీ దాదాపు ఈఎల్ఎం327 చిప్‌కు నకళ్లే, బాక్సు మీద వెర్షన్ అంకె ఏమున్నా నమ్మనక్కర్లేదు. పాత బండ్లలో కంప్యూటర్ స్కానర్‌తో మాట్లాడే పద్ధతి (ప్రోటోకాల్) నెమ్మది, ఒకేసారి పది రకాల రీడింగులు తెరపై పెడితే అంకెలు ఆలస్యంగా మారి తప్పుదోవ పట్టిస్తాయి. ఆర్‌పీఎం, ట్రిమ్, ఆక్సిజన్ సెన్సార్ మాత్రమే పెట్టుకుంటే గ్రాఫ్ సరిగ్గా వస్తుంది. సాకెట్‌లోనే వదిలేస్తే ఇంజిన్ ఆపినా కరెంటు తాగుతూనే ఉంటుంది, పాత బ్యాటరీ రోజుల తరబడి తట్టుకోదు. ఐఫోన్ ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్‌ది కొనకూడదు, బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) గానీ వైఫై గానీ ఉన్నది చూసుకోవాలి. కోడ్ చెరిపే బటన్ మీద ఊరికే వేలు పెట్టకండి. ఈసీఎం నేర్చుకున్న ట్రిమ్‌లు కూడా దాంతో పోతాయి, మెకానిక్‌కు చూపించడానికి ఏ ఆధారమూ మిగలదు.

2010కి ముందు బండ్ల విషయంలో జాగ్రత్త. మన దేశంలో ఓబీడీ నిబంధన బీఎస్4 కాలుష్య ప్రమాణాలతో 2010 ఏప్రిల్ నుంచి మొదలైంది, 2013 నుంచి ఓబీడీ2 వచ్చింది. అంతకుముందు వాటిలో సాకెట్ ఉన్నా ఈ చవక స్కానర్‌తో మాట్లాడకపోవచ్చు. తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొని, వచ్చిన రోజే ఆర్‌పీఎం, ట్రిమ్ రెండూ వస్తున్నాయో లేదో చూసుకోండి. ఈసీఎం లేని పాత రకం కార్బురేటర్ బండి అయితే దీని జోలికి పోకుండా ఆ డబ్బు ఫిల్టరుకీ ప్లగ్ కేబుళ్లకీ పెట్టండి.