నదీ అధ్యయన కేంద్రం ఎక్కడ మేలు: కావేరి సంగమం దగ్గరా, వృషభావతి కలిసే చోటా?

బెంగళూరులో జీవశాస్త్రం చదివే మా తెలుగు విద్యార్థులను ఊరికి దగ్గరి నది ఏదని అడిగితే కావేరి అంటారు. కుళాయిలో వచ్చేది ఎక్కువగా ఆ నీరే కాబట్టి ఆ జవాబు సహజమే. కానీ నందికొండల్లో పెన్నకు, చిత్రావతికి తోబుట్టువుగా పుట్టి, నగరానికి పడమరగా సాగి, కనకపుర తాలూకాలో కావేరిని చేరే అర్కావతి అంతకన్నా దగ్గరిది. విశ్వవిద్యాలయం తరఫున నదీజీవుల పరిశోధనకూ బోధనకూ ఒక క్షేత్రకేంద్రం కట్టాలంటే ఈ నది వెంట మూడు చోట్లు ఆలోచించదగ్గవి: అది పుట్టే నందికొండ పాదం, అది కావేరిలో కలిసే సంగమం, మధ్యలో వృషభావతి అనే ఉపనది దానిలో కలిసే చోటు.

నందికొండ పాదాన్ని త్వరగానే పక్కన పెట్టవచ్చు. అక్కడ ఏటిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. పారని ఏటి ఒడ్డున భవనం కట్టి విద్యార్థులకు నదిని చూపించలేము.

కావేరి సంగమం ఎవరినైనా ఆకట్టుకుంటుంది. చుట్టూ అభయారణ్యం, నీటికుక్కలు, మొసళ్లు; పైగా 2018లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐ.యు.సి.ఎన్.) గుర్తించిన మూపురపు మహసీర్ చేపకు మిగిలిన కొద్దిపాటి ఆవాసాల్లో కావేరి ముఖ్యమైనది. ఆ చేప మీద పరిశోధన చేసేవారికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే నగరం నుంచి సుమారు 100 కిలోమీటర్లు, అభయారణ్యంలో పని చేయాలంటే అటవీ శాఖ అనుమతి, మోకాలి లోతు నీటిలో వల పట్టుకుని నిలబడవలసిన మొదటి సంవత్సరం పిల్లలకు మొసళ్ల భయం, వీటన్నిటినీ కలిపి చూస్తే ఏడాదికి ఒకటి రెండు యాత్రలకు మించి సాగవు. సంగమానికి కాస్త దిగువన మేకెదాటు దగ్గర ప్రతిపాదించిన 67 టీఎంసీల జలాశయం కడితే ఆ ఒడ్డే మునిగిపోతుంది.

వృషభావతి కలిసే చోటుకు ఈ అందం లేదు. బసవనగుడి ప్రాంతంలో పుట్టిన ఆ నది నగరపు మురుగులో పెద్ద భాగాన్ని మోసుకుని, బైరమంగల చెరువు దాటి, అర్కావతిలో కలుస్తుంది. దుర్వాసన నిజం, చేతి తొడుగులూ రబ్బరు బూట్లూ లేకుండా దిగరాదన్నదీ నిజం. అయినా ఒకే రోజు, ఒకే వాతావరణంలో, కలయికకు పైన అర్కావతిలోనూ కింద కలిసిన నీటిలోనూ నమూనాలు తీసి పోల్చే వీలు విద్యార్థికి వేరెక్కడ దొరుకుతుంది? ప్రాణవాయువు తక్కువైన బురదలో ఒంట్లో హిమోగ్లోబిన్ ఉన్న ఎర్రటి కైరోనోమిడ్ పురుగులు (దోమల్లాంటి, కుట్టని ఈగల పిల్లపురుగులు) ఎందుకు నిలుస్తాయో, శుభ్రమైన నీరు కోరే మేఫ్లై అనే కీటకాల పిల్లపురుగులు ఎందుకు మాయమవుతాయో పుస్తకం చెప్పినదానికన్నా ఒక్క వల నింపి చూస్తే బాగా అర్థమవుతుంది. దూరం కూడా లెక్కలోకి వస్తుంది: నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువు వాడుకుంటాయో కొలిచే బి.ఓ.డి. పరీక్షలో నమూనాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచాలి, అంతకుముందు దాన్ని చల్లగా ఉంచి వీలైనంత త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. నాచు పగలు విడుదల చేసే ప్రాణవాయువు రాత్రి తరిగిపోవడాన్ని కొలవాలంటే తెల్లవారుజామున ఒడ్డున మనిషి ఉండాలి. వారం వారం వెళ్లగలిగిన చోటే ఇది సాధ్యం.

నా మొగ్గుకు ఇంకొక కారణం అమెరికాలోని ఇలినాయ్ నది. దాని ఒడ్డున హవానా అనే ఊళ్లో 1894లో జీవశాస్త్రవేత్త స్టీఫెన్ ఫోర్బ్స్ ఒక జీవశాస్త్ర కేంద్రాన్ని ప్రారంభించారు. 1900లో షికాగో నగరపు మురుగును ఆ నదిలోకి మళ్లించే కాలువ తెరిచేసరికి ముందటి ఏళ్ల ప్లవక జీవుల (నీటిలో తేలుతూ బతికే సూక్ష్మజీవుల) లెక్కలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. ఇదే ఉదాహరణను సంగమానికీ వర్తింపజేయవచ్చని, జలాశయం రాకముందే అక్కడ లెక్కలు మొదలుపెట్టాలని ఎవరైనా అంటే ఆ మాట సరైనదే. అందుకు భవనం అక్కరలేదు. మూడు నెలలకొకసారి అనుమతితో వెళ్లి నమూనాలు తీసే స్థిరమైన బిందువులు చాలు. వృషభావతికి మురుగుశుద్ధి మెరుగుపడే రోజు వస్తుందని నేను గట్టిగా ఆశిస్తున్నాను; ఆ మార్పును రుజువు చేయగల లెక్కలు మాత్రం నేటి నుంచే ఉండాలి.

కాబట్టి భవనం వృషభావతి కలిసే చోటుకే. గ్రామస్థులు చూపించే పాత వరద గుర్తులకు పైన, తడి నమూనాలకూ పరికరాలకూ వేర్వేరు గదులతో, పాతికమంది పడుకోగల వసతితో ముందు చిన్నగా కట్టి, నీటిమట్టం కొలిచే స్కేలును భవనానికి పునాది వేయకముందే నదిలో పాతాలి.