నాచారంలో బోర్డు లేని వైండింగ్ షాపు: ఇలాంటిది ప్రతి కాలనీకి ఒకటి ఉండాలి

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5కి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాస్తా.

హైదరాబాద్‌లో నాచారం ఇండస్ట్రియల్ ఏరియా నుంచి కాలనీల వైపు లోపలికి వస్తుంటే ఒక పిండి గిర్నీ ఉంటది, దాని పక్కన షట్టరే ఈ షాపు, వైండింగ్ అంటే కాలిన మోటార్లకి కొత్త రాగి తీగ చుట్టి బాగుచేయడం. బోర్డు ఏం లేదు, బయట బోరు మోటార్లు పడుకోబెట్టి ఉంటాయి, భాయ్ షాపు అని ఎవర్నడిగినా చూపిస్తారు. ఫ్యాను, మిక్సీ, గ్రైండరు, కూలర్ పంపు, కుక్కరు, గ్యాస్ స్టవ్, బోరు మోటారు అన్నీ చూస్తారు. భాయ్ వయసులో పెద్దాయన, మాట తక్కువ, చేతిలో టెస్టర్ ఎప్పుడూ ఉంటది.

నేను మొదట వెళ్లింది మిక్సీ పట్టుకుని. గోంగూర పచ్చడి రుబ్బుతుంటే లోపల నిప్పురవ్వలు వచ్చి కాలిన వాసన కొట్టి ఆగిపోయింది, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే (పేరు రాయను) విప్పకుండానే మోటారు మొత్తం మార్చాలి అన్నారు, వాళ్లు చెప్పిన రేటుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్త మిక్సీనే వచ్చేస్తది. భాయ్ నా ముందే విప్పి రెండు కార్బన్ బ్రష్‌లు (మోటార్లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించారు, చిటికెన వేలి గోరంత కూడా మిగల్లేదు. "మోటార్‌కి ఏం కాలేదమ్మా, ఇవి అరిగిపోయినయ్, అంతే" అన్నారు. కొత్తవి వేసి, ఆర్మేచర్ (ఆ తిరిగే భాగం) మీద మసి సాండ్ పేపర్‌తో రుద్ది, జార్ కింద బుష్ లూజ్ ఉందని అది కూడా మార్చి, అంతా కలిపి 250 తీసుకున్నారు. అరిగిన పాత బ్రష్‌లు, పాత బుష్ కాగితంలో చుట్టి నాకే ఇచ్చారు, మార్చకుండా మార్చాం అనే షాపులు చూసినవాళ్లకి ఆ పొట్లం విలువ తెలుస్తది.

ఫ్యాన్ వైండింగ్ అయితే ఒకసారి కూర్చుని చూడాల్సిందే. కాలిపోయిన కాయిల్ కోసి తీసి, పాత తీగ ఎంత మందం ఉందో గేజ్‌తో చూసి, ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి గోడ మీద చాక్‌పీస్‌తో రాసుకుంటారు, ఆ తర్వాత చేత్తో తిప్పే మెషీన్ మీద కొత్త రాగి తీగ చుడతారు, చుట్లు తగ్గితే ఫ్యాన్ వేడెక్కుతది అంటారు. చివర్న వార్నిష్ పోసి ఎండలో ఆరబెట్టి మర్నాడు ఇస్తారు. తీగ రాణిగంజ్ నుంచో ట్రూప్ బజార్ నుంచో తెస్తారు, తీసేసిన పాత రాగి తూకం వేసి ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారు. ఫ్యాన్ స్లో అయిందని వెళ్తే మాత్రం చాలాసార్లు వైండింగ్ దాకా పోదు, కెపాసిటర్ మారిస్తే సరిపోతది, ఆ మాట కూడా ఆయనే చెప్తారు.

ఇంత చిన్న షాపు గురించి ఇంత ఎందుకు రాస్తున్నానంటే, చమురు తగ్గిపోయే రోజులకి కాలనీలు ఏం చేసుకోవాలి అనే మాట వచ్చినప్పుడల్లా సోలార్, ఎలక్ట్రిక్ బండ్లు అంటారు గానీ ఇలాంటి షాపు పేరు ఎవరూ ఎత్తరు, నాకు అది చాలా బాధగా ఉంటది. మనం వాడే ముడిచమురులో 85 శాతం పైనే బయట నుంచి కొనుక్కుంటున్నాం, మన సొంత బావుల్లో వచ్చేది 2011-12లో 38 మిలియన్ టన్నులు ఉంటే 2023-24కి 29కి పడిపోయింది. మిక్సీ బాడీ ప్లాస్టిక్ ఆ చమురులోంచే, వైరు మీద తొడుగూ అంతే, ఆ డబ్బా మన ఇంటికొచ్చిన లారీ డీజిలూ అంతే. ఇక రాగి, 2018లో తూత్తుకుడి స్టెరిలైట్ ప్లాంటు మూతపడ్డాక మనం అమ్మే స్థితి నుంచి బయట కొనే స్థితికి వచ్చేశాం. అంటే ఒక మిక్సీ పారేయకుండా ఆపితే ఇవన్నీ మిగిలినట్టే కదా.

2024 జనవరి 2 గుర్తుందా, కొత్త హిట్ అండ్ రన్ చట్టం మీద ట్రక్కు డ్రైవర్లు సమ్మె అనగానే సిటీలో బంకుల ముందు కిలోమీటర్ల లైన్లు, చాలాచోట్ల నో స్టాక్ బోర్డులు, చంచల్‌గూడలో ఒక డెలివరీ అబ్బాయి గుర్రం మీద ఫుడ్ ఇవ్వడానికి వెళ్లాడు, ఆ వీడియో అందరూ చూశారు. ఒక్కరోజుకే అంత అయింది. నెలలు, ఏళ్లు లాగితే ఏమవుతదో క్యూబా వాళ్లు చూశారు, 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక చమురు రావడం బాగా తగ్గిపోయి బస్సులు ఆగితే జనం సైకిళ్లెక్కారు, సామాన్లు దొరక్క ఔరికా అనే సోవియట్ వాషింగ్ మెషీన్ మోటార్లు పీకి ఇంట్లో ఫ్యాన్లు చేసుకున్నారు. మోటారు విప్పడం తెలిసిన చెయ్యి ఊళ్లో ఉంది కాబట్టి చేసుకోగలిగారు.

మన దగ్గర అంత దూరం కూడా పోనక్కర్లేదు, ఏప్రిల్ వస్తే బోరు మోటారు చాలు. నీళ్లు కిందికి పోయి మోటారు డ్రై నడిచి కాలిందంటే అపార్ట్‌మెంట్ మొత్తం ట్యాంకర్ మీద పడతది, ట్యాంకర్ అంటే మళ్లీ డీజిలే. కొత్త మోటారు కొని దింపడం పెద్ద ఖర్చు, భాయ్ రెండు రోజుల్లో రీవైండింగ్ చేసి ఇస్తారు, పైగా డ్రై రన్ ప్రొటెక్షన్ (నీళ్లు లేకపోతే మోటారు దానంతటదే ఆగిపోవడం) ఉన్న స్టార్టర్ పెట్టుకోండి అని తిడుతూ చెప్తారు, అది పెట్టుకున్నాక మా బిల్డింగ్ మోటారు మళ్లీ కాలలేదు. కుక్కరు గ్యాస్కెట్, స్టవ్ బర్నర్ క్లీనింగ్ కూడా చిన్నపని అనుకోకండి, మన గ్యాస్‌లో సగం పైన దిగుమతే, ఆవిరి లీకయ్యే కుక్కరుతో రోజూ పప్పు ఉడకబెడితే సిలిండర్ ముందే అయిపోతది.

ఇప్పుడు ఆ అర. బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే సర్క్యూట్ బోర్డుతో నడిచే తక్కువ కరెంటు ఫ్యాన్లు, ఆయన చేయరు. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, ఇది 28, రోజుకి 15 గంటలు తిరిగితే 1.1 యూనిట్ బదులు 0.4 దగ్గర వస్తది, కరెంటు ఆదా నిజమే. కానీ లోపల సర్క్యూట్ బోర్డు పోతే అది కంపెనీ దగ్గరే దొరకాలి, వారంటీ అయ్యాక దొరక్కపోతే తిరిగే మోటారు బాగానే ఉన్నా ఫ్యాన్ చెత్తలోకే. ఇది భాయ్ తప్పు అనలేను, కేంద్రం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ (కొన్న సామాను బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, కంపెనీలు స్పేర్ పార్టులు మామూలు రిపేర్ షాపులకి అమ్మితేనే దానికి అర్థం. నా సలహా అయితే బీఎల్‌డీసీ కొనండి, కానీ బోర్డు విడిగా దొరుకుతుందా అని అడిగి కొనండి.

ఇంకో దిగులు, ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్లు లేరు. కొడుకు క్యాబ్ నడుపుతాడు. మా అసోసియేషన్ మీటింగ్‌లో నేను అడిగింది ఏంటంటే, సెల్లార్‌లో ఖాళీగా ఉన్న రూము నెలకో ఆదివారం ఇద్దాం, ఆయనకి రోజు కూలీ మనమే వేసుకుందాం, ఐటీఐ ఎలక్ట్రికల్ పిల్లల్ని ఇద్దరిని పక్కన కూర్చోబెడదాం, పాడైన సామాను అందరూ కిందికి తెచ్చుకోండి అని. లిఫ్ట్ ఏఎంసీకి (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి) కట్టేదాంట్లో పిసరంత కూడా కాదు ఆ ఖర్చు. కొందరు సరే అన్నారు, ట్రెజరర్ ఇంకా ఆలోచిస్తున్నారు, నేను వదలను.

వెళ్లేవాళ్లకి: ఉదయం 10 నుంచి రాత్రి 8, శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ టైమ్‌లో మూసి ఉంటది. ఫోన్‌పే ఉంది. జార్ లీకైతే జార్ ఒక్కటే కాకుండా మిక్సీ కూడా తీసుకెళ్లండి, కప్లర్ (జార్‌నీ మోటారునీ కలిపే ముక్క) రెండు వైపులా చూడాలి. ఎండాకాలం అంతా బోరు మోటార్లతో షాపు నిండిపోతది కాబట్టి ఫ్యాన్లు, కూలర్ల పని ఏదున్నా ఫిబ్రవరిలోనే ఇచ్చేయండి.