పుర్రె చిమ్మట: స్టిక్సా, లాకెసిసా?

వానాకాలం వచ్చిందంటే నా ఫోనుకి ఒకటే రకం ఫొటోలు. వీపు మీద పుర్రె బొమ్మ ఉన్న పెద్ద చిమ్మట. ఒకటి పర్లాకిమిడి వీధి దీపం కింద, ఇంకొకటి గుణుపురంలో మెట్ల గోడ మీద. ప్రశ్న కూడా మారదు: "ఇది స్టిక్సా, లాకెసిసా?" పుర్రె చిమ్మటల్లో రెండు జాతుల పేర్లవి. ఎవరికి వాళ్లకి జవాబివ్వడం కన్నా ఒకసారి రాసేస్తే నయమనిపించింది.

ముందు మూడో జాతి, అట్రొపాస్ సంగతి. నెట్‌లో వెతికితే పుర్రె చిమ్మటగా మొదట కనబడేది అదే. అది ఆఫ్రికా, యూరప్ వైపుది. ఈ ఫొటోలొచ్చే ఒడిశా గజపతి, రాయగడ జిల్లాల్లో దాని ఊసే అక్కర్లేదు.

దేశపటం చేసే సాయం అంతవరకే. స్టిక్స్ సౌదీ, ఇరాక్ వైపు నుంచి జపాన్ దాకా ఉంది. లాకెసిస్ మన దేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా దాకా ఉంది. రెండు దారులూ మన మీదుగానే పోతాయి. కాబట్టి "మా ఊళ్లో దొరికింది, ఏదై ఉంటుంది?" అంటే నేను చెప్పలేను.

అందరూ ఫొటో తీసేది పుర్రెనే. నా మాట వింటే ఆ పుర్రెని పక్కన పెట్టండి. అది రెండింటికీ ఉంది. పైగా చిమ్మట పాతబడేకొద్దీ ఒంటి మీది పొడి రాలిపోయి బొమ్మ చెదిరిపోతుంది. సైజు కూడా అంతే. లాకెసిస్ రెక్కలు చాపితే 13 సెంటీమీటర్ల దాకా రావచ్చు, స్టిక్స్ దానికన్నా చిన్నది. కానీ బాగా తిని పెరిగిన ఆడ స్టిక్స్‌నీ, బక్కచిక్కిన మగ లాకెసిస్‌నీ పక్కపక్కన పెడితే స్కేలు ఏం చెబుతుంది? ఇలాగే సైజు చూసి నేను ఒకదానికి లాకెసిస్ అని పేరు రాసుకుని, ఏడాది తర్వాత పాత ఫొటోలు తిరగేస్తూ నాలుక కరుచుకున్నాను.

నన్నడిగితే చూడాల్సింది వెనక రెక్క. అదీ దాని మొదలు, ఒంటికి అతుక్కునే చోటు. స్టిక్స్‌కి అక్కడ పసుపు రంగే ఉంటుంది, దాని మీద రెండు నల్ల పట్టీలు అడ్డంగా పోతాయి. లాకెసిస్‌కి ఆ మొదలే నల్లగా, సిరా ఒలికినట్టు ఉంటుంది. ఒకసారి కళ్లు అలవాటు పడితే ఇక పొరపాటు పడరు.

చిక్కల్లా ఒకటే. వాలి ఉన్నప్పుడు ముందు రెక్కలు ఇంటి చూరులా వెనక రెక్కల్ని కప్పేస్తాయి. అందుకే ఫోను సిద్ధంగా పట్టుకుని గడ్డిపరకతో వీపు మీద మెల్లగా తాకండి. చాలాసార్లు రెక్కలెత్తి, పసుపు పొట్ట చూపిస్తూ కీచుమంటుంది. నోటి గొట్టంలోంచి గాలి పీల్చి వదులుతూ చేసే చప్పుడది, హార్మోనియం తిత్తి పనే. రెండూ కీచుమంటాయి గనక చప్పుడుతో ఏది ఏదో గుర్తుపట్టలేం. తేనెపట్టులో దూరి మైనపు గదులు పొడిచి తేనె తాగే దొంగబుద్ధీ రెండింటిదీ.

మా పక్కింటి అత్త గుమ్మం మీద వాలినదాన్ని చీపురుతో కొట్టబోతుంటే ఆపి, ఇలాగే గడ్డిపరకతో తాకించాను. అది కీచుమంది, అత్త కెవ్వుమంది. వెనక రెక్క మొదలు పసుపే, స్టిక్స్. ఇందులో చిన్నది, పెద్దది అని రెండున్నాయని చెబితే, "మరి కీడు చేసేది ఏది బాబూ?" అనడిగింది. ఏదీ కాదన్నాను. నమ్మినట్టు లేదు.

గొంగళి దశలో దొరికితే మొక్క కొంత దారి చూపిస్తుంది. నువ్వుచేలో తోక కొమ్ముతో, వేలంత లావున, నున్నగా ఉన్న పురుగు దొరికితే నేను స్టిక్స్ వైపే మొగ్గుతాను. వ్యవసాయ పుస్తకాల్లో నువ్వుల పురుగుగా పేరుపడింది అదే. కానీ వంగ కుటుంబం మొక్కల మీద రెండూ తింటాయి. ఒంటి రంగు చూసి తేల్చబోకండి, స్టిక్స్ ఒక్కదానికే ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగు గొంగళ్లుంటాయి.

చిలగడదుంప చిమ్మట ఫొటోలు కూడా కొందరు పంపుతున్నారు. దానికి పుర్రె ఉండదు, పొట్ట పక్కల గులాబీ పట్టీలుంటాయి. దాని గురించి అంతకన్నా చెప్పక్కర్లేదు.

ఎంత తాకినా రెక్కలెత్తని మొండివీ ఉంటాయి. వాటిని మరీ కెలక్కండి. కిటికీ అద్దం మీద వాలి ఉంటే ఇంట్లోకి వెళ్లి, అద్దంలోంచి పొట్ట అడుగు ఫొటో తీయండి. స్టిక్స్‌కి అక్కడ మామూలుగా నల్ల చారలుండవు, లాకెసిస్‌కి ఉంటాయి. వెనక రెక్క అంత ఖాయం కాదుగానీ, నాకు పుర్రె ఫొటో పంపడం కన్నా ఇది పంపడం మేలు.