అద్దం వాల్చిన జీపు: పన్నెండేళ్ల తర్వాత

మర్రిచెట్టు నీడ చల్లగా ఉంటుందని అందరికీ తెలుసు. అదే నీడలోకి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో, ముఖానికి ముందు ఏ అడ్డూ లేకుండా దూసుకెళ్తే చెంబెడు చన్నీళ్లు ముఖాన కొట్టినట్టు ఉంటుందని నాకు 2012లో తెలిసింది. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే రోడ్డులో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా అప్పట్లో దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు ఉండేవి. రోడ్డు వెడల్పు చేస్తే వాటి గతి ఏమిటన్న గొడవ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. జీపు కొన్న మొదటి ఆదివారం టాపు తీసేసి, ముందు అద్దం బానెట్ మీదికి వాల్చి ఆ చెట్ల కింద నడిపాను. ఎండ, నీడ, ఎండ, నీడ. కళ్లు మూసుకున్నా ఏ చెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చర్మమే చెప్పేస్తుంది. (కళ్లు మూసుకుని నడపలేదు, కంగారు పడకండి.)

బండి 1994 నాటి మహీంద్రా ఎం.ఎం. 540. జహీరాబాద్ వైపు ఒక రైతు దగ్గర కొని, సైనిక పచ్చరంగు వేయించాను. ప్యూజో డీజిల్ ఇంజను ఎంత మొరటుదో, స్టీరింగు తిప్పడానికి ఎంత కండబలం కావాలో, వెనక బల్లల మీద కూర్చున్నవాళ్లు ఎన్ని శాపనార్థాలు పెడతారో తెలిసినవాళ్లకు తెలుసు. ఆ సంగతుల జోలికి పోను. నేను ఈ బండిని పన్నెండేళ్లు భరించింది ఒక్క దానికోసం. అది, ముందు అద్దం వాలడం.

వాల్చడం ఐదు నిమిషాల పని. టాపు ముందు అంచు అద్దపు చట్రానికే తగిలి ఉంటుంది కాబట్టి మొదట టాపు విప్పాలి. తర్వాత రెండు పక్కల బిగింపులు వదులు చేసి, వైపర్ మోటారు తీగ లాగినట్టు కాకుండా చూసుకుని, చట్రాన్ని మెల్లగా ముందుకు పడుకోబెట్టాలి. బానెట్ మీద ఆనడానికి రెండు రబ్బరు దిమ్మలు, ఎగిరిపడకుండా ఒక తోలు బెల్టు. అంతే. ఆ పూటకి జీపు ఎద్దుబండి అవుతుంది, కాకపోతే ఎద్దులు కనిపించవు.

ఇక గాలి సంగతి. టాపు తీసి అద్దం నిలబెట్టి నడిపినవాళ్లు దుమ్ము గురించి మొత్తుకుంటారు, అది నిజమే. గాలి అద్దం మీదుగా పైకెక్కి, వెనక సుడి తిరిగి, మెడ మీదికి వస్తుంది. చొక్కా కాలరు నిండా ఎర్రమట్టి. అద్దం వాల్చేస్తే ఆ సుడి ఉండదు. గాలి ఎదురుగా వస్తుంది, ముఖాన తగులుతుంది, తన దారిన తాను పోతుంది. ఎదుటివాడు ముఖం మీదే మాట అనేసి పోయినట్టు. చలికాలం తెల్లవారుజామున వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలెక్కేటప్పుడు ఇంజను వేడి బానెట్ మీదుగా ఛాతీ దాకా వస్తుంది, చెవులు మాత్రం గడ్డకడతాయి. ఒకే మనిషికి ఒకేసారి చలిమంట, మంచుగాలి. దారిలో కోసిన కందిచేను వాసన, ఎవరింటి ముందో పొగ పెట్టిన వేపాకు వాసన, డెయిరీ వ్యాను పక్కనుంచి పోతే పాల వాసన. మూసిన కారులో ఇదే దారిన వందసార్లు వెళ్లాను, కందిచేను ఉందనే తెలియలేదు.

నా సరదా కోసం ఎవరూ ఈ ఏర్పాటు కనిపెట్టలేదనుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు లక్షల సంఖ్యలో చేసిన జీపులకు అద్దం వాలేలా పెట్టడానికి కారణాలు వేరు. ఎండకు అద్దం తళుక్కుమంటే శత్రువుకు కనిపిస్తుంది. నిలబెట్టి ఉంటే బండి ఎత్తుగా కనిపిస్తుంది, ఓడల్లో పేర్చడానికీ అడ్డం. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రావారు ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది ఆ విల్లీస్ జీపులనే. నా బండి ఆ వంశంలో ముని మనవడి వరస. తాత గుణం ఒక్కటీ మిగిలింది.

తాతకు ఇంకో నగ ఉండేది. యూరప్‌లో అద్దం వాల్చి వెళ్తున్న జీపుల కోసం జర్మన్లు రోడ్డుకు అడ్డంగా, మెడ ఎత్తున సన్నని తీగ కట్టేవారు. విరుగుడుగా అమెరికన్లు ముందు బంపరుకు నిలువుగా ఒక ఇనుప కమ్మీ బిగించారు. పైకొస దగ్గర గాడి ఉంటుంది, తీగ అందులో చిక్కి తెగిపోతుంది. నా బండికి రంగు వేసిన ముసలి మెకానిక్ ఎక్కడో ఫొటో చూసి, అడగకుండానే అలాంటి కమ్మీ ఒకటి అతికించి పెట్టాడు. నాకు మొదట ముచ్చటేసింది. తర్వాత ఆఫీసులో ఒకాయన "ఏమండీ, జెండా కర్రా?" అన్నాడు, పక్కింటావిడ "దండెం కట్టుకోవడానికా అన్నయ్యగారూ?" అంది. యుద్ధం చూడని జీపుకు యుద్ధపు నగ ఏమిటని నాకే సిగ్గేసి, 2020లో కోయించేశాను. ఆ ముక్క డాబా మీద బీరపాదుకు ఆసరా అయింది.

2023 జనవరి, సంక్రాంతికి ముందు ఆదివారం. జీపు, మా అమ్మాయి ఒకే ఏడాది ఇంటికి వచ్చారు కాబట్టి పిల్లకు అప్పుడు పదకొండో ఏడు. ఇద్దరం అనంతగిరి వెళ్లి తిరిగి వస్తున్నాం. మొయినాబాద్ దాటాం, సాయంత్రం నాలుగున్నర. డాబాల మీద పిల్లలు, పైన గాలిపటాలు. ముందు స్పీడ్ బ్రేకర్ ఉండటంతో వేగం తగ్గించి ముప్ఫైకి దిగాను. ఆ స్పీడ్ బ్రేకర్ వేసినవాడికి రుణపడి ఉన్నాను.

ముక్కు మీద సాలెపురుగు దారం తగిలినట్టు అనిపించింది. తుడుచుకుందామని ఎడమ చెయ్యి ఎత్తాను. ఆ ఎత్తడమే మేలైంది. దారం వేళ్ల మీద పడింది, మరుక్షణం బిగిసింది. కళ్లద్దాలు పెద్దవి, మోటార్ సైకిల్ వాళ్లు పెట్టుకునే రబ్బరు అంచువి. వాటిని ఎవరో పక్కకి గుంజినట్టయింది. నొప్పి లేదు. చెవి దగ్గర చీమ కుట్టినట్టు ఒక మంట మాత్రమే. బ్రేకు మీద నిలబడ్డాను. బండి ఆగాక మా అమ్మాయి నా వైపు చూసి, గొంతు పెంచకుండా, "నాన్నా, నీ చెవి నుంచి రక్తం కారుతోంది" అంది.

చూపుడు వేలు, మధ్య వేలు కత్తితో గీసినట్టు చీలాయి. చెవి పై అంచు తెగింది. వేళ్లకు మూడు కుట్లు, చెవికి రెండు. కళ్లద్దాల రబ్బరు అంచులో బ్లేడుతో కోసినంత నున్నటి గాడి పడింది. దాన్ని దాచుకున్నాను. దారం ఒక కొస కరెంటు స్తంభానికి చుట్టుకుని ఉంది, ఇంకో కొస రోడ్డు అవతల చెట్టులో. గాజుపొడి పూసిన పాత నూలు మాంజా అయితే బండి తాకిడికి తెగిపోయేది. ఇది నైలాన్‌ది. హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించిన రకం. నిషేధం ఉంది, దారమూ ఉంది.

నన్ను ఇప్పటికీ వదలనిది నా చెవి కాదు. ఆ దారం మా అమ్మాయి తల మీదుగా జానెడు ఎత్తులో పోయింది. పిల్ల పొట్టిగా ఉండబట్టి. ఇప్పుడు అది నా భుజం దాటింది.

మర్నాడే బీరపాదు కింద నుంచి కమ్మీ పెకలించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కట్టు చూశాడు, కమ్మీ చూశాడు. "కోయించింది మీరే కదా సార్" అన్నాడు. గాడిని ఆకురాయితో మళ్లీ పదును పెట్టి, ఈసారి నా తల కంటే బెత్తెడు ఎత్తు ఉండేలా ముక్క కలిపి అతికించాడు. డబ్బులు తీసుకోలేదు. తీసుకుని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆ మరుసటి ఏడాది, 2024 జనవరిలో, లంగర్‌హౌజ్ దగ్గర బండి మీద వెళ్తున్న ఒక సైనికుడు మాంజా గొంతు కోయడంతో చనిపోయాడని పేపర్లో చదివాను. యుద్ధపు నగ అని నవ్విన మనిషిని నేను. ఆ పేపరు మడిచి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఐదు నిమిషాల పని అన్నాను కదా. అది ఇద్దరుంటే, బిగింపులకు తుప్పు పట్టకపోతే. వానాకాలం తర్వాత మొదటిసారి విప్పాలంటే నూనె పోసి, సుత్తితో బతిమాలి, అరగంట. మోకాళ్లు మొరాయించాక ఒక్కణ్నే ఆ చట్రాన్ని దించడం మానేశాను. ఒకసారి తోలు బెల్టు వదులైనట్టు గమనించక గతుకుల్లో నడిపితే అద్దం దిమ్మల మీద ఎగిరెగిరి మూల నుంచి పగిలింది. గాలి తన దారిన తాను పోతుందన్నది యాభై దాకానే నిజం. అరవై దాటితే కళ్లద్దాలున్నా కన్నీళ్లు ఆగవు, పక్కవాళ్ల మాట వినిపించదు. పేడపురుగు నుదుటికి తగిలితే గులకరాయి తగిలినట్టే. తొలకరి వాన పడ్డ సాయంత్రం దీపాలు వేసుకుని అద్దం వాల్చి వెళ్లకండి. ఉసిళ్లు నోట్లోకీ, ముక్కులోకీ, చొక్కాలోకీ వస్తాయి. మా ఆవిడ ఆ రోజు దిగిన మనిషి మళ్లీ అద్దం వాల్చిన బండి ఎక్కలేదు. ఒక ట్రాఫిక్ పోలీసు ఆపి "అద్దం ఏది?" అని అడిగాడు. బానెట్ మీద చూపించాను. "అక్కడ ఎందుకుంది?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఊరు దాటే వరకు నిలబెట్టే ఉంచుతున్నాను.

లెక్క వేస్తే ఏడాదికి పదిహేను రోజులకు మించి వాల్చడం లేదు. డిసెంబరు మూడో వారం నుంచి కనుమ దాటి ఇంకో పది రోజుల వరకు అసలు వాల్చను. అంటే చలి, మంచు, కందిచేను వాసన కలిసి వచ్చే ఉత్తమమైన రోజులు పోయినట్టే. కమ్మీ ఉంది కదా అంటారేమో. కమ్మీ బంపరు మధ్యలో ఉంది. ఏటవాలుగా పక్క నుంచి వచ్చే దారాన్ని అది ఆపుతుందని హామీ ఇవ్వలేను, మెకానిక్ కూడా ఇవ్వలేదు.

కొనమంటారా అంటే, ఇంట్లో రోజూ వాడుకోవడానికి ఇంకో బండి ఉండి, ఊరి అంచున ఉంటూ, ఆదివారాలు ఖాళీగా ఉంటే కొనుక్కోండి. పదేళ్ల లోపు పిల్లలను ముందు కూర్చోబెట్టే ఉద్దేశం ఉంటే అద్దం ఉన్నచోటే ఉండనివ్వండి. నా సంగతంటారా, అమ్మమని ఇద్దరు అడిగారు, ఇవ్వలేదు. మొన్న కార్తీకంలో మా అమ్మాయే బిగింపులు విప్పి చట్రం వాల్చింది. కళ్లద్దాలు పెట్టుకుని, మెడ చుట్టూ మందపాటి తోలుపట్టీ ఒకటి కట్టుకుని, నాకూ ఒకటి చేతికిచ్చింది. ఎక్కడ కొందో చెప్పలేదు. చేవెళ్ల దాకా వెళ్లి వచ్చాం.