ప్రీమెడ్‌కు ఏది మేలు: బర్కిలీనా, ప్రిన్స్‌టనా, ఇంటి దగ్గరి యూటీ డాలసా?

అమెరికాలో డాక్టరు కావాలనుకునే విద్యార్థి, అంటే ప్రీమెడ్, వైద్య విద్యకు ముందు చదివే డిగ్రీ కోసం విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేటప్పుడు, కంప్యూటర్ సైన్స్ చదవబోయే స్నేహితుడికి అంతగా అక్కరలేని ఒక ప్రశ్న వేసుకోవలసి వస్తుంది: అక్కడ గ్రేడ్లు ఎంత బిగబట్టి వేస్తారు? ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ చర్చ ఏటా ఏప్రిల్‌లో, మే 1లోగా ఏదో ఒక చోట సీటు ఖాయం చేసుకోవలసిన రోజుల్లో, బాగా వేడెక్కుతుంది. అలాంటి టెక్సస్ కుటుంబం ముందు మూడు ప్రవేశ పత్రాలు ఉన్నాయనుకుందాం: మార్కుల విషయంలో కఠినమైనదని పేరున్న కాలిఫోర్నియాలోని బర్కిలీ, ఒకప్పుడు అంతకంటే కఠినమని పేరు మోసిన ప్రిన్స్‌టన్, రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్. ఈ మూడింటిలో దేనికీ సొంత వైద్య కళాశాల లేదు కాబట్టి ఆ కోణంలో ఎవరికీ ప్రత్యేకమైన మొగ్గు లేదు.

ముందుగా లెక్క చూడాలి. ఎండీ (అమెరికాలో డాక్టరు కావడానికి చదివే పట్టా) కళాశాలలకు ఏటా 50 వేలకు పైగా విద్యార్థులు దరఖాస్తు చేసుకుంటే, చేరేవారు 23 వేలకు అటూఇటూగా ఉంటారు. అలా చేరినవారి సగటు జీపీఏ (4కి లెక్కించే గ్రేడ్ల సగటు) ఇటీవలి సంవత్సరాల్లో 3.8కి, వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో సగటు స్కోరు 512కి దగ్గరగా ఉంటోంది. ఎంసెట్ రాసి వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడే ఒక పొరపాటు అంచనా కలుగుతుంది. ఎంత కష్టమైన చోట చదివితే అంత రాటుదేలతారని, చివర్లో ఒక్క పరీక్షలో ర్యాంకు కొడితే మధ్యలో వచ్చిన మార్కులను ఎవరూ పట్టించుకోరని మనకు ఒక నమ్మకం. ఇక్కడి పద్ధతి అది కాదు. మొదటి సెమిస్టర్‌లో జనరల్ కెమిస్ట్రీలో వచ్చిన ‘బీ మైనస్’ దరఖాస్తులో అలాగే కనిపిస్తుంది, ఆ కోర్సును మళ్లీ చదివినా ఎండీ కళాశాలల ఉమ్మడి దరఖాస్తు సేవ ఏఎంసీఏఎస్ రెండు గ్రేడ్లనూ లెక్కలోకి తీసుకుంటుంది, పైగా జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, గణితం గ్రేడ్లను కలిపి సైన్స్ జీపీఏ అని విడిగా కడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొలి రెండేళ్లలో 60 క్రెడిట్లు పూర్తయ్యేసరికి జీపీఏ 3.3 ఉన్న విద్యార్థి, మూడో ఏడు 30 క్రెడిట్లలోనూ పూర్తి ‘ఏ’లు తెచ్చుకున్నా, దరఖాస్తు పెట్టే వేసవి నాటికి 3.53 దగ్గరే ఆగిపోతాడు. నాలుగో ఏడు కూడా అన్నీ ‘ఏ’లే వస్తే 3.65 అవుతుంది, కానీ అందుకోసం ఒక ఏడాది ఆగి దరఖాస్తు చేయాలి. కఠినమైన గ్రేడింగ్ దెబ్బ సరిగ్గా ఈ తొలి రెండేళ్లలోనే తగులుతుంది, ఎందుకంటే కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, జీవశాస్త్రం, భౌతిక శాస్త్రం వంటి వడపోత కోర్సులన్నీ అప్పుడే వస్తాయి.

బర్కిలీలో ఈ కోర్సులు వందల మంది కూర్చునే హాళ్లలో జరుగుతాయి, పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరూ తమ హైస్కూల్లో ముందు వరుసలో ఉన్నవారే. ప్రొఫెసర్ తరగతి సగటును ‘బీ’ చుట్టూ నిలిపితే, చాలామందికి అంతకంటే తక్కువ రావడం తప్పదు, అది వారి తెలివికి సంబంధించిన విషయం కాదు. మరోవైపు, పరిశోధన అవకాశాల్లో బర్కిలీతో పోటీపడగల సంస్థలు చాలా తక్కువ. 2020లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా అక్కడి ఆచార్యురాలే. ఎండీ, పీహెచ్‌డీ రెండూ కలిపి చదవాలనుకునే విద్యార్థికి అలాంటి ప్రయోగశాలల సాన్నిధ్యం జీపీఏలో కలిగే కొద్దిపాటి నష్టాన్ని కొంత పూడ్చగలదు. క్లినిక్ నడపాలనే కోరిక మాత్రమే ఉన్నవారికి ఆ లాభం అంతగా దక్కదు.

“బర్కిలీ నుంచి వచ్చిన 3.5 వేరు, మరో చోటి నుంచి వచ్చిన 3.8 వేరు అని వైద్య కళాశాలలకు తెలియదా?” అని చాలామంది అడుగుతారు. తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన తూకం సరిచేస్తారని అనుకోలేం. ఏఎంసీఏఎస్ ఏ విద్యాసంస్థకూ సవరణ చేయదు. బర్కిలీలోనే పనిచేసే డాన్ మూర్, ఆయన సహ పరిశోధకులు 2013లో ప్లోస్ వన్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, ప్రవేశాలను నిర్ణయించే అనుభవజ్ఞులు కూడా గ్రేడింగ్ ఉదారంగా ఉండే చోటి నుంచి వచ్చిన అభ్యర్థుల వైపే మొగ్గుతారని, సంస్థల మధ్య తేడాను చేయవలసినంతగా సవరించుకోరని చూపింది. ఆ పరిశోధన బిజినెస్ స్కూళ్ల ప్రవేశాలను పరిశీలించినది కాబట్టి దాన్ని వైద్య విద్యకు నేరుగా అన్వయించలేకపోయినా, మనిషి కన్ను అంకె మీదే ముందు పడుతుందనే విషయంలో నాకు అనుమానం లేదు. కఠినమైన చదువు ఎంక్యాట్‌కు పనికొస్తుందనే వాదనలో కొంత నిజం ఉంది, అయితే ఆ పరీక్ష నాలుగు విభాగాల్లో ఒకటి పూర్తిగా పఠనావగాహన మీద ఆధారపడింది, మిగతావాటికి కూడా ఎక్కడ చదివినవారైనా కొన్ని నెలలు విడిగా కూర్చోవలసిందే.

ప్రిన్స్‌టన్ సంగతి వేరు. ప్రతి విభాగంలోనూ ‘ఏ’ శ్రేణి గ్రేడ్లు 35 శాతం మించరాదనే విధానాన్ని ఆ సంస్థ 2004లో తెచ్చి, 2014లో తానే తీసేసింది. బంధువుల నోట ఇప్పటికీ వినిపించే “ప్రిన్స్‌టన్‌లో గ్రేడ్లు రావు” అనే మాట చాలావరకు ఆ పదేళ్ల నాటిది. అయినా యేల్ వంటి సంస్థలతో పోల్చితే అక్కడ పట్టు కాస్త బిగువే. యేల్‌లో 2022–23లో ఇచ్చిన గ్రేడ్లలో దాదాపు 79 శాతం ‘ఏ’ శ్రేణివేనని అక్కడి ఆచార్యుడు రే ఫెయిర్ నివేదిక తేల్చింది. ఉదారమైన సంస్థలోనైనా ఆర్గానిక్ కెమిస్ట్రీ తరగతి గది అంత ఉదారంగా ఉండకపోవచ్చు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 2022లో 350 మంది ఉన్న ఆ తరగతిలో 82 మంది గ్రేడ్ల మీద వినతిపత్రం ఇచ్చారు, ఆ తర్వాత ప్రొఫెసర్ మెయిట్‌ల్యాండ్ జోన్స్ ఒప్పందాన్ని విశ్వవిద్యాలయం పునరుద్ధరించలేదు. ప్రిన్స్‌టన్‌కు అనుకూలంగా ఉన్నవి చిన్న తరగతులు, విద్యార్థిని దగ్గరగా చూసిన ప్రొఫెసర్లు రాసే సిఫారసు లేఖలు, ఉదారమైన ఆర్థిక సహాయం. ఆ సహాయం కుటుంబ ఆదాయం మీద ఆధారపడుతుంది, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంటికి అందకపోవచ్చు.

యూటీ డాలస్ పేరు వినగానే కొందరు పెదవి విరుస్తారు, అది తొందరపాటు. టెక్సస్ ప్రభుత్వ వైద్య కళాశాలలు తమ సీట్లలో కనీసం 90 శాతం రాష్ట్ర వాసులకే ఇవ్వాలి, వాటి ఫీజులు దేశంలోనే తక్కువ స్థాయిలో ఉంటాయి. వాటి దరఖాస్తులు వెళ్లే టీఎండీఎస్ఏఎస్ వ్యవస్థ ప్లస్, మైనస్‌లను లెక్కించదు: ‘ఏ మైనస్’ పూర్తి 4.0 అవుతుంది, ‘బీ ప్లస్’ మాత్రం 3.0కి పడిపోతుంది. ఏఎంసీఏఎస్‌లో ఇవే 3.7, 3.3. అంటే సగటు ‘బీ ప్లస్’ దగ్గర నిలిచే కఠినమైన విశ్వవిద్యాలయానికి వెళ్లిన టెక్సస్ విద్యార్థి, తన సొంత రాష్ట్రపు కళాశాలలకు దరఖాస్తు చేసేటప్పుడే ఎక్కువ నష్టపోతాడు. గ్రేడ్ల చర్చల్లో ఈ ఒక్క సంగతి ఎవరూ ఎందుకు ఎత్తరో నాకు అర్థం కాదు. యూటీ డాలస్‌లోనూ సైన్స్ కోర్సులు అలవోకగా గట్టెక్కేవి కావు, ప్రీమెడ్‌ల రద్దీ కూడా ఎక్కువే, డాలస్‌లో విడిగా ఉన్న వైద్య సంస్థ యూటీ సౌత్‌వెస్టర్న్ ఆసుపత్రుల్లో వాలంటీరు అవకాశాల కోసం చాలామంది ఒకేసారి తిరుగుతుంటారు.

ఇక డబ్బు. బర్కిలీలో బయటి రాష్ట్రం వారు మామూలు ఫీజుకు అదనంగా ఏటా 30 వేల డాలర్లకు పైగా కట్టాలి. 2026 జూలై 1 నుంచి కొత్త విద్యార్థులకు, ఖర్చంతా అప్పుగా తీసుకోనిచ్చే కేంద్ర ప్రభుత్వ గ్రాడ్ ప్లస్ రుణాలు ఆగిపోతున్నాయి, వైద్య విద్యకు కేంద్ర ప్రభుత్వ రుణం ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లకే పరిమితమవుతోంది. చాలా ప్రైవేటు వైద్య కళాశాలల్లో నాలుగేళ్ల ఖర్చు దానికి మించుతుంది కాబట్టి డిగ్రీలో మిగిల్చిన ప్రతి డాలరూ తర్వాత అక్కరకు వస్తుంది.

కాబట్టి టెక్సస్‌లో స్థిర నివాసం ఉండి, టెక్సస్‌లోనే వైద్య విద్య చదవాలనుకునే విద్యార్థికి నేను యూటీ డాలస్‌నే ముందు పెడతాను. ఆర్థిక సహాయం బాగా దొరికితే, లేదా కుటుంబానికి ఆ ఖర్చు భారం కాకపోతే, ప్రిన్స్‌టన్‌ను దానికి పైన పెడతాను. బయటి రాష్ట్రపు ఫీజుతో బర్కిలీని, పరిశోధనే ప్రాణంగా ఉన్నవారికి తప్ప, సూచించలేను. కాలిఫోర్నియాలోనే ఉండే కుటుంబానికి లెక్క మారుతుంది, అక్కడ ఫీజు భారం తగ్గి గ్రేడ్ల భయం ఒక్కటే మిగులుతుంది. హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడి, 21 ఏళ్లకు ముగిసే వీసా) మీద ఉండి 21 ఏళ్లు నిండబోతున్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి: గ్రీన్‌కార్డు లేనివారిని చాలా వైద్య కళాశాలలు తీసుకోవు, తీసుకునే కొద్దిచోట్ల పోటీ తీవ్రం, అందువల్ల వారికి జీపీఏ విషయంలో సాహసం చేసే వెసులుబాటు అసలే లేదు.

సీటు ఖాయం చేసేముందు ప్రచార పత్రాల్లో కనిపించే “మా ప్రీమెడ్‌లలో ఇంత శాతం మందికి సీట్లు వచ్చాయి” అనే అంకెను నమ్మకూడదు, మధ్యలో ప్రీమెడ్ వదిలేసినవారు, సంస్థ ప్రీమెడ్ కమిటీ ఇచ్చే సిఫారసు లేఖ దక్కనివారు ఆ లెక్కలో ఉండకపోవచ్చు. దానికి బదులు బర్కిలీటైమ్, యూటీడీ గ్రేడ్స్ వంటి విద్యార్థుల సైట్లలో జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ కోర్సులు తెరిచి, గత కొన్ని సెమిస్టర్లలో ఏ ప్రొఫెసర్ దగ్గర ఎందరికి ‘ఏ’ వచ్చిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.